చెట్టు కింద బడి నుంచి జీవాక్షరాల దాకా - హరగోవింద ఖొరానా జీవితం

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక గొప్పవారి జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. ఈసారి ఆ పని మాకు అప్పగించారు. మేము చదువుతున్న సబ్జెక్టుకు దారి వేసిన ఒకాయన గురించి రాస్తామని అడిగాం, పెద్దలు ఒప్పుకున్నారు. ఆయన పేరు హరగోవింద ఖొరానా. జనరల్ నాలెడ్జి బిట్ల పుస్తకంలో ఈ పేరు మనందరం బట్టీ పట్టినదే. 1968, వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి, భారత సంతతి శాస్త్రవేత్త. ఒక మార్కు. ఆ ఒక్క మార్కు వెనక ఎంత జీవితం ఉందో మేము కూడా పీజీకి వచ్చాకే తెలుసుకున్నాం. హాస్టల్లో ఉన్నప్పుడే తెలిసి ఉంటే బాగుండేదనిపించింది. అందుకే ఈ వ్యాసం.

నూరు మంది ఊరు, చదువొచ్చిన ఒక్క ఇల్లు

ఖొరానా 1922లో అవిభక్త పంజాబ్‌లోని రాయ్‌పూర్ అనే కుగ్రామంలో పుట్టారు. ముల్తాన్ ప్రాంతంలోని ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. రికార్డుల్లో జనవరి 9 అని ఉన్నా అది కచ్చితమైన తేదీ కాదంటారు. బడి రిజిస్టర్లలో మన వాళ్లలో చాలామంది పుట్టినరోజు జూన్ నెలలోనే ఎందుకు ఉంటుందో మనకు తెలుసు కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

ఆయన తండ్రి గణపత్‌రాయ్, తల్లి కృష్ణాదేవి. ఐదుగురు పిల్లల్లో హరగోవింద్ అందరికంటే చిన్నవాడు. తండ్రి పట్వారీ, అంటే పొలాల లెక్కలు, శిస్తు లెక్కలు రాసే ఉద్యోగి. తెలంగాణలో ఇదే పేరు, ఆంధ్రలో కరణం అనేవారు. ఇల్లు పేదదే. పొద్దున్నే ఏ ఇంటి మీద పొగ లేస్తుందో చూసి, ఆ ఇంటికి వెళ్లి ఒక నిప్పు కణిక అడిగి తెచ్చి తమ పొయ్యి రాజేసుకోవడం ఆయన చిన్ననాటి పనుల్లో ఒకటి. మా నాయనమ్మ కూడా తన చిన్నప్పుడు ఇలాగే నిప్పు తెచ్చుకునేవాళ్లమని చెప్పేది.

ఆ ఊళ్లో మొత్తం జనం సుమారు నూరు మంది. వారిలో చదవడం, రాయడం వచ్చిన కుటుంబం దాదాపు అదొక్కటే. తండ్రికి పిల్లల చదువంటే ప్రాణం. ఖొరానా మొదటి నాలుగేళ్ల చదువు ఒక చెట్టు కింద సాగింది. ఆ ఊరికి బడి అంటే ఆ చెట్టు నీడే.

ఇక్కడ మేము కాసేపు ఆగాలి. ఇలాంటి వ్యాసాల్లో సాధారణంగా ఆయన కూడా మనలాంటి పేదవాడే, ఆయన ఎదిగాడు, మనమూ ఎదగాలి అని రాసి ముందుకు వెళ్లిపోతారు. మేము అలా రాయలేకపోయాం. పట్వారీ ఇల్లు పేదదే అయినా ఆ ఇంట్లో కలం ఉంది, కాగితం ఉంది, పిల్లవాడి పలక చూసి తప్పు దిద్దే తండ్రి ఉన్నాడు. మన తాతలు వేలిముద్ర వేసింది అలాంటి కరణాల పుస్తకాల్లోనే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి వాళ్లం మేమే. మా నాన్న ఇప్పటికీ బ్యాంకు పాసుపుస్తకం మాకు ఇచ్చి చదివించుకుంటాడు. కాబట్టి ఆ రాయ్‌పూర్‌లో మనం ఉండి ఉంటే ఖొరానా ఇంట్లో పుట్టేవాళ్లం కాదు, మిగతా ఇళ్లలో పుట్టేవాళ్లం. ఈ మాట గుర్తు పెట్టుకుని మిగతా కథ చదవండి. చివర్లో మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

ఇంటర్వ్యూకు వెళ్లని కుర్రవాడు

ముల్తాన్‌లోని డి.ఎ.వి. హైస్కూల్లో ఖొరానా చదివారు. అక్కడ రతన్‌లాల్ అనే ఉపాధ్యాయుడి ప్రభావం తన మీద ఎంతో ఉందని తర్వాత గుర్తు చేసుకున్నారు. ఆ తర్వాత లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఇంగ్లిష్ సాహిత్యమా, కెమిస్ట్రీనా అని ఊగిసలాడి చివరకు కెమిస్ట్రీ వైపు మొగ్గారు. ప్రవేశానికి ఇంటర్వ్యూ ఉంటే బిడియం వల్ల వెళ్లలేదట. అదృష్టం కొద్దీ సీటు మాత్రం వచ్చింది.

ఈ సంగతి చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు. డిగ్రీ అయ్యాక ఒకచోట ఇంటర్వ్యూకు పిలిస్తే, ఇంగ్లిష్‌లో అడుగుతారని భయపడి మేము గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాం. మాకు ఆ సీటు రాలేదు. బిడియపడిన వాళ్లందరికీ అదృష్టం తోడుండదు తమ్ముళ్లూ చెల్లెళ్లూ. వెళ్లండి. తప్పులతోనైనా మాట్లాడండి.

ఖొరానా 1943లో బి.ఎస్సీ., 1945లో ఎం.ఎస్సీ. పూర్తి చేశారు. అదే ఏడాది భారత ప్రభుత్వం ఇచ్చిన ఫెలోషిప్‌తో ఇంగ్లండు వెళ్లి, లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో 1948లో పిహెచ్.డి. పట్టా పొందారు. ఈ ముక్క గట్టిగా చెప్పుకోవాలి. ఆయన పరదేశం వెళ్లింది ప్రభుత్వ సొమ్ముతో. స్కాలర్‌షిప్ తీసుకుని చదువుతామని మనల్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఈ సంగతి గుర్తు చేయవచ్చు.

లివర్‌పూల్ తర్వాత స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో వ్లాదిమిర్ ప్రెలోగ్ దగ్గర దాదాపు ఏడాది పని చేశారు. అక్కడ జీతం లేదు. కూడబెట్టుకున్న కొద్ది సొమ్ముతో నెట్టుకొచ్చారు. అయినా పని ఎలా చేయాలో, పని పట్ల ఎలా ఉండాలో నేర్పింది ప్రెలోగే అని ఆయన జీవితాంతం తలచుకున్నారు.

1949లో స్వదేశానికి తిరిగి వచ్చారు. అప్పటికి దేశం రెండు ముక్కలైంది. పుట్టిన ఊరు సరిహద్దుకు ఆవల ఉండిపోయింది. కుటుంబం శరణార్థులుగా ఢిల్లీ చేరింది. చేతిలో పిహెచ్.డి. ఉంది, యూరప్‌లో చేసిన పరిశోధన ఉంది, ఉద్యోగం మాత్రం దొరకలేదు. మళ్లీ ఇంగ్లండు దారి పట్టారు. కేంబ్రిడ్జిలో అలెగ్జాండర్ టాడ్ దగ్గర 1952 వరకు పని చేశారు. ప్రొటీన్ల మీద, న్యూక్లిక్ ఆమ్లాల మీద, అంటే డిఎన్ఏ, ఆర్ఎన్ఏల మీద ఆయనకు మక్కువ కలిగింది అక్కడే.

1952లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక పరిశోధన మండలిలో ఉద్యోగం వచ్చింది. సౌకర్యాలు బహు తక్కువ. కానీ నచ్చిన పని నచ్చినట్టు చేసుకునే స్వేచ్ఛ ఉంది. అదే ఏడాది స్విట్జర్లాండుకు చెందిన ఎస్తేర్ సిబ్లర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఊరు విడిచి, దేశం విడిచి ఏళ్ల తరబడి తిరిగిన తనకు ఒక నిలకడ ఇచ్చింది ఆమే అని ఆయన భావించారు. వారికి ముగ్గురు పిల్లలు. 1960లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి మారారు. ఆయన పేరు ప్రపంచానికి తెలిసిన పని అక్కడ జరిగింది.

బీరువాలో రిజిస్టరు, వంటింటికి చీటీ

ఆ పని ఏమిటో సైన్సు చదవని వారికి కూడా తెలియాలి కనుక మన హాస్టల్ భాషలో చెబుతాం.

వార్డెన్ గారి గదిలో బీరువా ఉంటుంది. అందులో పెద్ద రిజిస్టరు. ఏ వంటకు ఏమి కావాలో, ఎంత కావాలో అన్నీ అందులో ఉన్నాయనుకోండి. ఆ రిజిస్టరు గది దాటి బయటకు రాదు. ఈ పూట ఏమి వండాలో ఒక చీటీ మీద రాసి వంటింటికి పంపుతారు. వంటమనిషి చీటీ చూసి వండుతుంది. చీటీ పని అయ్యాక చింపేస్తారు.

మన శరీరంలోని ప్రతి కణంలో జరిగేది దాదాపు ఇదే. రిజిస్టరు డిఎన్ఏ. చీటీ ఆర్ఎన్ఏ. వండిన పదార్థం ప్రొటీన్. కంటి కణంలోనూ, కాలేయ కణంలోనూ ఉన్న రిజిస్టరు ఒకటే. మరి కన్ను కన్నులా, కాలేయం కాలేయంలా ఎందుకున్నాయి? ఏ కణంలో ఏ చీటీలు బయటకు వస్తున్నాయి, ఎన్ని వస్తున్నాయి అన్నదాన్ని బట్టి. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. జబ్బు చేసినప్పుడు చీటీలు మారిపోతాయి. రావలసినవి రావు, రాకూడనివి వస్తాయి.

ఈ చీటీలన్నీ ఏరి, వాటిలోని అక్షరాలను యంత్రంతో చదివించే పద్ధతే నేటి ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్. 2008 ప్రాంతం నుంచి ఇది ప్రపంచమంతా వ్యాపించింది. ఈ పని మీదే నడిచే కంపెనీలు వచ్చాయి. కణాల నుంచి తీసిన ఆర్ఎన్ఏను పంపితే కోట్ల కొద్దీ చిన్న చిన్న ముక్కలు చదివి కంప్యూటర్ ఫైళ్లుగా తిరిగి ఇస్తారు. చదవడం ఇంత సులువైంది. కానీ చదివినదానికి అర్థం ఏమిటో తెలియకపోతే ఆ ఫైళ్లన్నీ రాని భాషలో రాసిన ఉత్తరాలే కదా? ఆ భాషకు అర్థం చెప్పిన వారిలో ముఖ్యుడు ఖొరానా.

మూడక్షరాల మాటలు

ఆర్ఎన్ఏలో నాలుగే అక్షరాలు. ఎ, యు, జి, సి. ప్రొటీన్లలో ఉండే అమైనో ఆమ్లాలు 20. నాలుగు అక్షరాలతో 20 పేర్లు ఎలా రాస్తారు? ఒక్కో అక్షరం ఒక్కో పేరైతే నాలుగే వస్తాయి. రెండేసి కలిపితే 16. మూడేసి కలిపితే 64, కావలసినదాని కంటే ఎక్కువే. కాబట్టి మూడక్షరాల మాటలే అయి ఉండాలని శాస్త్రవేత్తలు ఊహించారు. ఏ మాటకు ఏ అర్థమో మాత్రం ఎవరికీ తెలియదు.

1961లో అమెరికాలో మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిష్ మతాయ్ మొదటి మాట విప్పారు. యు అక్షరం ఒక్కటే వరుసగా ఉన్న ఆర్ఎన్ఏను పరీక్షనాళికలో వేస్తే ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం ఒక్కటే గొలుసుగా వచ్చింది. అంటే యు-యు-యు అనే మాటకు అర్థం అది. కానీ ఒకే అక్షరంతో ఎంత దూరం పోతాం? రకరకాల అక్షరాలు కలిపితే అవి ఏ వరుసలో కూర్చున్నాయో తెలిసేది కాదు.

ఖొరానా కెమిస్ట్రీ మనిషి. వరుస తెలియకపోతే వరుసను మనమే కట్టాలి అన్నది ఆయన దారి. చెప్పడం తేలిక. ఒక్కో అక్షరానికి పక్క అక్షరాన్ని పట్టుకునే చేతులు చాలా ఉంటాయి. మనకు అక్కర్లేని చేతులకు రసాయనాల తొడుగు వేసి, కావలసిన చేతిని మాత్రం వదిలి, రెండో అక్షరాన్ని కలపాలి. శుద్ధి చేయాలి. తొడుగు తీయాలి. మళ్లీ మూడోది. ఇలా చిన్న డిఎన్ఏ ముక్కలను చేత్తో కట్టి, ఎంజైముల సాయంతో వాటిని పొడుగు చేసి, వాటి నుంచి ఆర్ఎన్ఏ తీశారు.

అలా యు-సి-యు-సి-యు-సి అని సాగే ఆర్ఎన్ఏ తయారైంది. దాన్ని రెండేసి అక్షరాలుగా చదివితే ప్రతిసారీ ఒకే మాట వస్తుంది. మూడేసిగా చదివితే యు-సి-యు, సి-యు-సి అని రెండు మాటలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ప్రయోగంలో సెరిన్, ల్యూసిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు ఒకటి విడిచి ఒకటి ఉన్న గొలుసు వచ్చింది. మూడక్షరాల ఊహ రుజువైంది. తర్వాత ఎ-ఎ-జి అని తిరిగి తిరిగి వచ్చే ఆర్ఎన్ఏ కట్టారు. ఎక్కడ మొదలుపెట్టి చదివితే దాన్ని బట్టి మూడు వేరు వేరు గొలుసులు వచ్చాయి. నాలుగేసి అక్షరాల వరుసలతో చేసిన ప్రయోగాల్లో గొలుసు మధ్యలో తెగిపోయే చోట్లు కనిపించాయి. అవి వాక్యం చివర పెట్టే చుక్కల లాంటివి.

నిరెన్‌బర్గ్ బృందం ఒక పక్క నుంచి, ఖొరానా బృందం ఒక పక్క నుంచి పని చేసి 1966 నాటికి 64 మాటలూ తేల్చేశారు. 61 మాటలు అమైనో ఆమ్లాలకు, 3 ముగింపుకు. ఈ పట్టిక ఇంటర్ బోటనీ, జువాలజీ చదివిన వారు చూసే ఉంటారు. దోమ నుంచి ఏనుగు దాకా, గడ్డిపోచ నుంచి మనిషి దాకా ఇంచుమించు ఇదే పట్టిక. పెద్ద కులమని, చిన్న కులమని మనుషులు రాసుకున్న పట్టికలు ఎన్నో ఉన్నాయి కానీ కణం లోపల ఉన్నది మాత్రం ఇదొక్కటే.

1968లో ఖొరానాకు, నిరెన్‌బర్గ్‌కు, రాబర్ట్ హోలీకి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. హోలీ సంగతి కూడా చెప్పుకోవాలి. ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్‌కు ఆదిపురుషుడు ఆయనే. ఈస్ట్ నుంచి తీసిన ఒక చిన్న ఆర్ఎన్ఏలోని 77 అక్షరాల వరుసను 1965లో పూర్తిగా చదివారు. అందుకు కావలసిన ఒక్క గ్రాము ఆర్ఎన్ఏ కోసం 140 కిలోల ఈస్ట్ వాడారు. ఏళ్లు పట్టింది. 77 అక్షరాలకు అంత శ్రమ. ఇప్పుడు యంత్రం ఆ మాత్రం అక్షరాలు చదివేది మనకు తెలియనే తెలియదు.

చదివాక రాయడం

మరుసటి ఏడాది, 1969లో భారత ప్రభుత్వం ఖొరానాకు పద్మవిభూషణ్ ఇచ్చింది. నోబెల్ వచ్చాక చాలామంది విశ్రాంతి తీసుకుంటారు. ఖొరానా ఇంకో కొండ ఎక్కడం మొదలుపెట్టారు. హోలీ చదివిన ఆ ఆర్ఎన్ఏకు మూలమైన జన్యువును అక్షరం అక్షరం పేర్చి 1970లో తయారు చేశారు. ప్రపంచంలో మనిషి చేతితో కట్టిన మొదటి జన్యువు అది. ఆ ఏడాదే మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి మారారు. 1976లో బాక్టీరియా కణంలోకి వెళ్లి నిజంగా పని చేసే జన్యువును కట్టి చూపించారు. దాదాపు 200 అక్షరాల జంటలు, ఎందరో సహచరుల ఏళ్ల శ్రమ.

1971లో ఆయన బృందంలోని నార్వే శాస్త్రవేత్త షెల్ క్లెప్పే, ఖొరానా, మరికొందరు కలిసి డిఎన్ఏను పదే పదే రెట్టింపు చేసే ఆలోచనను ఒక వ్యాసంలో రాశారు. పన్నెండేళ్ల తర్వాత 1983లో కారీ మల్లిస్ ఆ దారినే సొంతంగా కనిపెట్టి పిసిఆర్ పద్ధతిగా నిలబెట్టారు. 1993లో మల్లిస్‌కు నోబెల్ వచ్చింది. అదే ఏడాది ఆయనతో కలిసి ఆ బహుమతి పంచుకున్న మైకేల్ స్మిత్ ఒకప్పుడు వాంకూవర్‌లో ఖొరానా దగ్గర పని నేర్చుకున్నవాడే.

2020లో కరోనా వచ్చి హాస్టళ్లు మూసేసినప్పుడు మనలో ఎందరో ముక్కులో పుల్ల పెట్టించుకుని ఆర్‌టి-పిసిఆర్ ఫలితం కోసం ఎదురుచూశాం. కరోనా వైరస్ రిజిస్టరు ఆర్ఎన్ఏతోనే రాసి ఉంటుంది. దాన్ని డిఎన్ఏగా మార్చి, పెంచి, ఉందో లేదో చూడడమే ఆ పరీక్ష. వైరస్ ఎలా మారుతోందో తెలుసుకోవడానికి హైదరాబాదులోని సిసిఎంబి వంటి సంస్థలు దాని అక్షరాలన్నీ చదివాయి. అలా చదివిన ప్రతిచోటా మార్పు అర్థం తెలుసుకోవడానికి తెరిచింది ఆ 64 మాటల పట్టికనే.

ఆ తర్వాత ఖొరానా ఇంకోసారి దారి మార్చి, కంటిలో వెలుగును పట్టుకునే రొడాప్సిన్ అనే ప్రొటీన్ మీద ఏళ్ల తరబడి పని చేశారు. 1979లో కూతురు ఎమిలీని, 2001లో భార్య ఎస్తేర్‌ను పోగొట్టుకున్నారు. 2007 దాకా పని చేశారు. 2011 నవంబర్ 9న, 89వ ఏట, మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో కన్నుమూశారు. చివరి దాకా పేరు కోసం పాకులాడని మనిషిగా, మితభాషిగానే ఉన్నారని ఆయనతో పని చేసినవారు రాశారు.

మనం ఏ ఇంటి పిల్లలం?

మేము ఎమ్మెస్సీలో మొదటిసారి ఆర్ఎన్ఏ తీసినప్పుడు మొత్తం పాడైపోయింది. మన చేతి చెమటలో ఉండే ఎంజైములే దాన్ని తినేస్తాయి. గ్లవ్స్ మార్చుకోవాలని తెలిసీ అశ్రద్ధ చేశాం. మూడోసారికి గానీ కుదరలేదు. ఆ రాత్రి గదికి వచ్చి ఖొరానా గురించి చదువుతుంటే, ఒక్కో అక్షరానికి తొడుగు వేసి, తీసి, మళ్లీ వేసి ఏళ్లు గడిపిన ఆ ఓపిక ఏమిటో అప్పుడు అర్థమైంది. తెలివి గురించి మాకు తెలియదు కానీ ఓపిక మాత్రం మన ఇళ్లలో లేని వస్తువు కాదు. నాట్లు వేసే అమ్మ, రాళ్లు కొట్టే నాన్న మనకు ఇచ్చిన ఆస్తి అదే.

ఇప్పుడు మొదట ఆగిన చోటుకు వద్దాం. రాయ్‌పూర్‌లో నూరు మంది. అక్షరం ఉన్న ఇంటి నుంచి జీవుల భాష చదివిన మనిషి వచ్చాడు. ఆయన గొప్పతనాన్ని మేము ఇసుమంత కూడా తగ్గించడం లేదు. కానీ మిగతా ఇళ్లలో కూడా పిల్లలు ఉండే ఉంటారు కదా? ఆ పొయ్యిల నుంచే ఆయన నిప్పు తెచ్చుకున్నారు. ఆ పిల్లలకూ ఇంట్లో చదువు చెప్పేవాళ్లుంటే ఏమయ్యేవారో ఎవరు చెప్పగలరు? వాళ్ల పేర్లు ఏ బిట్ల పుస్తకంలోనూ లేవు.

మనం ఆ ఇళ్ల పిల్లలం. మన ఇంట్లో లేని పట్వారీ తండ్రిగా ఈ హాస్టల్ నిలబడింది. స్టడీ అవర్‌లో కునికితే లేపిన వార్డెన్ గారు, పరీక్ష రోజు తెల్లవారుజామునే అన్నం పెట్టిన వంటమనిషి, ట్రంకు పెట్టె తాళం పోతే తన తాళం ఇచ్చిన సీనియర్, వీళ్లే మన చెట్టు నీడ.

అందుకే ఒక విన్నపం. పోయిన వేసవిలో మేము మా వాడలో వేపచెట్టు కింద పదకొండు మంది పిల్లలను కూర్చోబెట్టి రోజూ రెండు గంటలు చదివించాం. మొదటి వారం ఆరుగురే వచ్చారు. సెలవులు అయ్యేసరికి నలుగురు తెలుగు పేపరు తడుముకోకుండా చదివారు. పెద్ద పనేమీ కాదు. పూర్వ విద్యార్థులు, ఇప్పుడు ఉన్నవారు, ఎవరి వాడలో వారు ఈ వేసవిలో ఈ పని చేస్తే వచ్చే వార్షికోత్సవానికి లెక్క చెప్పుకోవచ్చు. ఎందరు పిల్లలు, ఎన్ని రోజులు, ఎవరు చదవడం నేర్చుకున్నారు అని పేర్లతో సహా ఈ సంచికలో వేద్దాం. మా వాడ పదకొండు మంది పేర్లు మేము సిద్ధంగా ఉంచాం.

- ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, పూర్వ విద్యార్థి